తెల్ల రిక్షాలో లాలాపేట్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి

నడవలేనివాళ్ల కోసం మీ వాడలో ఒక బండి తిప్పాలని మీలో కొందరికి ఉందని విన్నాను. మొదలుపెట్టే ముందు, అరవైల చివర్లో నేను లాలాపేట్ నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు చేసిన ఈ చిన్న ప్రయాణం సంగతి చదవండి. దూరం మూడు మైళ్లు కూడా ఉండదు. కానీ నాకప్పటికి ఇరవై దాటినా, ఆసుపత్రికి తప్ప ఇంకెక్కడికీ పెద్దగా పోయింది లేదు. ఒంటరిగానైతే అసలే లేదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా రెండు కాళ్లూ బలహీనపడ్డాయి. కుడికాలికి తొడ దాకా ఇనుప పట్టీలు, చంకల్లో కర్రలు. పట్టీలు వేసుకుంటే మోకాలు వంగదు. మామూలు రిక్షా ఎక్కితే నా కాలు ముందు కూర్చుని తొక్కేవాడి నడుముకు పొడుచుకునేది. బస్సు మెట్ల సంగతి అడగనే వద్దు. బీఏ ఇంట్లోనే కూర్చుని ప్రైవేటుగా పాసయ్యాను. ఎంఏ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే మా నాయిన తెగ సంతోషపడి, మరుక్షణమే దిగులుపడ్డాడు. "సీటొస్తే రోజు పోవాలె గద బిడ్డా. నేను డ్యూటీకి పోతే నిన్నెవరు తీస్కపోతరు?" అన్నాడు. చాలా వాదన తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక రిక్షాను నాకు సరిపడేలా మారుస్తారు. ఇంటర్వ్యూకు అందులో ఇంట్లోవాళ్లెవరూ లేకుండా నేనే పోయి రావాలి. పోయి రాగలిగితే చదువు, లేకపోతే ఇంటిపట్టునే పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవడం.

మా వీధి చివర ఉండే యాదగిరన్న తన రిక్షా ఇచ్చాడు. నాయిన స్నేహితులు డ్యూటీ అయ్యాక వచ్చి మెట్టు కిందికి దించారు, కాలు చాపుకునేందుకు ఒక చెక్క పలక బిగించారు, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ పెట్టారు. రంగు పని, రైలు పెట్టెలకు రంగులేసే ఖాజా చాచాది. ఇంటర్వ్యూ రోజు పొద్దున తలుపు తీస్తే వాకిట్లో రిక్షా తెల్లగా మెరిసిపోతోంది. రెండు పక్కలా పళ్లెమంత ఎర్రటి ప్లస్ గుర్తు!

"ఏంది చాచా ఇది? నేనేమన్న సీరియస్ కేసునా?"

"అరె బేటీ, దవాఖాన బండి అనుకుంటే అందరు రస్తా ఇస్తరు. జల్ది పోతవ్," అన్నాడాయన, మురిసిపోతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఇంటర్వ్యూ పదింటికి, రంగు మార్చే వ్యవధి లేదు. పైగా రాత్రంతా కూర్చుని వేసిన మనిషి ముఖం చూశాక నోరు రాలేదు. సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ఎక్కాను.

మామూలుగా లాలాపేట్ నుంచి తార్నాక చౌరస్తాకు రిక్షాలో అరగంట పట్టేది, కిరాయి ఎనిమిదణాలు. మేము ఇంకా ముందే చేరాం. చాచా చెప్పింది అక్షరాలా నిజమైంది మరి. సైకిళ్లు పక్కకు తప్పుకున్నాయి. హోటల్ ముందు చాయ్ తాగేవాళ్లు లేచి నిలబడ్డారు. ఒక పెద్దావిడ రిక్షా పక్కనే నడుస్తూ "ఏమైంది బిడ్డా? ఎన్ని దినాలాయె?" అని అడిగింది. "ఏం కాలేదమ్మా, కాలేజీకి పోతున్న" అన్నాను. ఆవిడ యాదగిరన్న వైపు తిరిగి "అయ్యో, మతి గూడ తప్పుతున్నట్టుంది, జర జల్ది తొక్కు కొడుకా" అంది. తార్నాకలో పండ్లబండి ఆయన నా ఒళ్లో రెండు బత్తాయిలు పెట్టి పైసలు వద్దన్నాడు. చౌరస్తాలో పోలీసాయన డబుల్ డెక్కర్ బస్సును ఆపి మరీ మమ్మల్ని పొమ్మని చెయ్యి ఊపాడు. పై అంతస్తులో ఉన్నవాళ్లంతా కిటికీల్లోంచి వంగి నన్ను చూశారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి! యాదగిరన్న మాత్రం దర్జాగా గంట కొట్టుకుంటూ పోయాడు.

తార్నాక దాటి క్యాంపస్‌లోకి వచ్చాక రద్దీ ఉండదు. రెండువైపులా బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్యలో మెల్లగా ఎత్తుకు పోయే రోడ్డు. ఆ ఎత్తు దగ్గర తొక్కేవాళ్లకు దమ్ము తీసుకునే టైమివ్వాలి. మాకు అప్పటికి ఆ అవసరం రాలేదు, ఎందుకంటే క్యాంపస్ గేటు దగ్గరే ఆగిపోయాం.

"దవాఖాన గిటు. ఎడమకు తిప్పు," అంటూ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆర్ట్స్ కాలేజీకి పోవాలె భయ్యా," అన్నాడు యాదగిరన్న.

"దిమాగ్ ఉన్నదా? పేషెంట్‌ను ఏస్కొని కాలేజీకి పోతవా?"

నేను ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. తానే వెనకనుంచి నెట్టుకుంటూ తీసుకుపోయి దవాఖాన ముందు ఆపాడు. పాపం, చెమటలు కారుతుంటే నెట్టాడు, తిట్టడానికి మనసొప్పలేదు. కాంపౌండరు వచ్చి, నేను చెబుదామని నోరు తెరవగానే థర్మామీటరు పెట్టేశాడు. డాక్టరుగారు వచ్చేదాకా కదలకూడదట. గోడ గడియారంలో పది కావస్తోంది. ఇంటర్వ్యూ పోయిందంటే ఇక ట్యూషన్లే గతి. థర్మామీటరు తీసి ఆయన చేతిలో పెట్టి గట్టిగా అరిచాను.

"నాకు జ్వరం లేదు! ఇంటర్వ్యూ ఉన్నది!"

కాంపౌండరు బిత్తరపోయాడు. "మరి దవాఖాన బండిల ఎందుకొచ్చినవమ్మా?" అన్నాడు. ఆయన తప్పేముంది, నిజమే కదా.

బయటికొచ్చి యాదగిరన్నతో "అన్నా, ఆ గుర్తున్నంత సేపు మనం ఏడికి బయల్దేరినా దవాఖానకే చేరుతం" అన్నాను. రైలు పెట్టెలకు వేసే రంగు, గీకితే పోయేది కాదు. నల్లా కింద ఎర్రమట్టి తడిపి ఒకవైపు ఆయన, ఒకవైపు నేను ప్లస్ గుర్తు మీద మెత్తాం. వాచ్‌మన్ కాసేపు తల గోక్కుంటూ చూసి, తానూ రెండు పిడికిళ్ల మట్టి మెత్తాడు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర "ఎత్తుకోవాల్నా చెల్లె?" అన్నాడు యాదగిరన్న. అందరూ అడక్కుండానే ఎత్తేస్తారు, ఆయన అడిగాడు. "వద్దన్నా, సంచి పట్టుకో చాలు" అని కర్రలు ఊనుకుంటూ ఎక్కాను. లోపల నా పేరు రెండోసారి పిలుస్తున్నారు.

"రోజూ ఎలా వస్తారమ్మా?" అని మొదటి ప్రశ్నే వేశారు ప్రొఫెసరుగారు.

"రిక్షాలో సార్."

"హాజరు తగ్గితే నేను చేయగలిగిందేమీ లేదు."

"తగ్గదు సార్."

ఆయన మట్టి నిండిన నా గోళ్ల వైపు చూశారు. ఏదో అడగబోయి మానుకుని పాఠాల్లోకి దిగారు. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. మధ్యాహ్నానికి సీటు ఖాయమైంది.

తిరుగు ప్రయాణంలో మమ్మల్ని చూసి ఎవరూ లేచి నిలబడలేదు. తార్నాక చౌరస్తాలో బస్సుల వెనక అందరితో పాటు పొగ పీలుస్తూ నిలబడ్డాం. గొడుగు పట్టుకున్న ఒక లావాటి పెద్దమనిషి దూరం నుంచే చెయ్యెత్తి కేకేశాడు.

"ఏయ్ రిక్షా! సీతాఫల్‌మండి వస్తవా?"

యాదగిరన్న నోరు తెరిచేలోపే నేను తల బయటపెట్టి "ఖాళీ లేదండీ!" అన్నాను. ఆయన నన్ను చూసి విసుక్కుని ఇంకో రిక్షా కోసం అటు తిరిగాడు. ఒకరు నా మీద విసుక్కుంటే అంత సంతోషం వేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. లాలాపేట్ దాకా నవ్వుతూనే ఉన్నాను.

నాయిన సెలవు పెట్టి వీధి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. మట్టి చూసి "బండి పడ్డదా?" అని కంగారుపడ్డాడు. "సీటొచ్చింది నాయినా, ఇగ రోజు పోవాలె" అంటే అక్కడే అరుగు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఖాజా చాచా రెండు రోజులు అలిగి, తర్వాత ఆకుపచ్చ రంగు వేశాడు.

నెల తిరక్కుండానే ఇరుగుపొరుగులో నడవలేనివాళ్లు ఆ బండి కోసం అడగసాగారు. నేను క్లాసులో ఉన్నంతసేపు యాదగిరన్న వాళ్లను తిప్పేవాడు, కొన్నాళ్లకు ఇంకో రిక్షా కూడా తోడైంది. మా సర్వీసు అలా మొదలైంది. మాలాంటివాళ్లను చూస్తే లోకానికి ఆసుపత్రి ఒక్కటే గుర్తొస్తుంది. కానీ మాకూ చదువులుంటాయి, పెళ్లిళ్లు, సినిమాలు, కూరగాయల బేరాలు, చుట్టాలతో తగువులు ఉంటాయి. కాబట్టి బండి పెట్టేవాళ్లకు నేను చెప్పే చిట్కా ఒక్కటే: ఏమైందని అడగకండి, "ఎక్కడికి?" అని అడగండి. అడిగి, కాస్త ఆగండి. లాలాగూడ క్వార్టర్స్‌లో నడుము పడిపోయిన రాజమ్మత్తను మొదటిసారి ఎక్కించి, "ఏడికి పోవాలె అత్తా?" అన్నాడు యాదగిరన్న. ఆమె చాలాసేపు కడ్డీ పట్టుకుని అట్లాగే కూర్చుంది.

"యేండ్లాయె కొడుకా, నన్నెవ్వరు గిట్ల అడగక," అంది చివరికి. "జర ఆగు. ఆలోచన చేస్కోనియ్యి."