నర్సింహులు తీసిన గాలి

ముత్తంగి చౌరస్తాలో టైర్ల పనిచేసే నర్సింహులు నోట్లో పడని లారీ డ్రైవరు లేడు. టైరు అరగదీస్తే తిట్టేవాడు, అరగకముందే మార్చమంటే పైసలు ఎక్కువయ్యాయా అని తిట్టేవాడు. అయినా అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, అడిగినా అడగకపోయినా ప్రతి టైరులోంచీ కాస్త గాలి తీసి పంపేవాడు.

"ఎండకు గాలి పెరుగుతది. పగిలితే నీ పెండ్లాం నన్నే తిడ్తది," అనేవాడు. ముప్పై ఏళ్ల పనిలో ఆ పద్ధతి ఎన్నడూ వికటించలేదు.

అంతటి మనిషి మీద ఎదురు మాటలో గెలిచింది ఒక్కతే, కూతురు తనుశ్రీ. బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తూ పాత కారొకటి కొనుక్కుంది. స్ప్రింగులు మార్పించి దాన్ని నేలకు జానెడు ఎత్తుకు దింపింది. అది చాలదన్నట్టు ఒకరోజు నాలుగు వెడల్పాటి రిమ్ములు తెచ్చి దుకాణం ముందు పెట్టింది. వాటి మీదికి సన్న టైర్లను సాగదీసి తొడగాలట.

"ఏంది బిడ్డా గిది? పిలగాని అంగీ పెద్దమనిషికి తొడిగినట్టు," అన్నాడు.

"నువ్వు తొడగకపోతే వేరేకాడ తొడిగిచ్చుకుంట బాపు."

ఇంకొకడు బిగించిన చక్రాల మీద కూతురు తిరగడం అతను ఓర్చుకోలేడు. వారం రోజులు సణిగి, ఆదివారం పనికి కూర్చున్నాడు. టైరు అంచు రిమ్మును అందుకోదు, కొట్టిన గాలంతా సందులోంచి బుస్సుమని పోతుంది. చివరికి ఆ సందు చుట్టూ పాత సైకిల్ ట్యూబు బిగించి గాలి నిలబెట్టాడు. నాలుగో టైరు టప్పున కూర్చున్నప్పుడు తండ్రీ కూతుళ్లు చిన్నపిల్లల్లా నవ్వారు.

"నలభై ఐదు పాయింట్లు ఉండాలె బాపు. గాలి బలంతోటే టైరు రిమ్మును పట్టుకుంటది. తక్కువైతే మలుపుల ఊడొస్తది," అంది తనుశ్రీ.

"నాకే నేర్పుతున్నవా?" అని కసిరాడు. లోపల మాత్రం మురిసిపోయాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె తన ల్యాబు స్నేహితురాలు భవ్యశ్రీతో కలిసి ఒక పెళ్లికి బయలుదేరింది. దారిలో దుకాణం ముందు కారు ఆపి, ఇద్దరూ నీళ్ల సీసాలు కొనడానికి పక్కకు వెళ్లారు. నర్సింహులు టైరు మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. గేజీ పెట్టి చూస్తే యాభై దాటింది. అలవాటైన చెయ్యి అలవాటైన పనే చేసింది. ఒక్కో టైరు ముందు కూర్చుని, మామూలు కార్లకు ఉంచినట్టే గాలి ముప్పైకి తెచ్చాడు. బిడ్డ ఎక్కే బండి కదా అని ఇంకో రెండు తగ్గించాడు. చెబితే మళ్లీ వాదనకు దిగుతుందని చెప్పలేదు.

సంగారెడ్డి చేరకముందే ఒక మలుపులో ముందు టైరు రిమ్మును వదిలేసింది. కారు పల్టీ కొట్టింది. తనుశ్రీకి చెయ్యి విరిగింది. భవ్యశ్రీ అక్కడే పోయింది.

అందరూ ఆ కారును తిట్టారు, దానికి ఆ సోకులు చేయించిన పిల్లను తిట్టారు. ఆస్పత్రి మంచం మీద తనుశ్రీ, "నువ్వు వద్దన్నా విన్లే బాపు. దాన్ని నేనే సంపిన," అంది.

చెప్పాల్సింది అప్పుడే. చౌరస్తా మొత్తం భయపడే ఆ నోట్లోంచి "ఊకో బిడ్డా" అన్న మాట తప్ప ఏమీ రాలేదు. నొప్పి తగ్గాక చెబుదాం అనుకున్నాడు. తర్వాత, కట్టు విప్పాక చెబుదాం అనుకున్నాడు.

చెయ్యి అతుక్కుంది గానీ పిల్ల మునుపటి పిల్ల కాలేదు. ఇంట్లోవాళ్లు ఉద్యోగం మానెయ్యమంటే మానేసింది. ఏం వండమంటావని తల్లి అడిగితే "బాపు ఇష్టం" అనేది. ఒక్కసారైనా తన మాట వింటే బాగుండునని ఇన్నేళ్లూ కోరుకున్న కూతురు ఇప్పుడు ప్రతి మాటా వింటుంటే నర్సింహులు ఆమె ఎదుట నిలవలేక దుకాణానికి పోయేవాడు. ఆమె నెలనెలా భవ్యశ్రీ తల్లి రుక్మిణి ఇంటికి వెళ్లి, ఫొటో ముందు తల దించుకుని గంటసేపు కూర్చుని వచ్చేది. రుక్మిణి ఏమీ అనేది కాదు, మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు.

ఏడాది నిండిన రోజు నర్సింహులు కూడా వెంట వెళ్లాడు. ఆ ఇంటి గేటు దగ్గర కూతుర్ని ఆపాడు.

"గాలి నేనే తీసిన బిడ్డా. మీరు నీళ్లకు పోయినప్పుడు. ఎండ జూసి భయమైంది."

తనుశ్రీ అతని వైపు తిరిగింది. "ఎంతకు తెచ్చినవ్?"

"ఇరవై ఎనిమిది."

ఆమె గేటు పట్టుకుని నిలబడింది. "నా పానం కోసమే తీసినవ్, గది సమజైతది. ఏడాది సంది గామె ముందట నన్ను తల దించుకోనిచ్చినవ్. గదెందుకు బాపు?"

ఈసారి తల దించుకున్నది అతను.

"పోయి ఆమెకు జెప్పు. నేను రాను," అంది.

లోపల రుక్మిణి చాయ్ కప్పుతో ఎదురొచ్చింది. "పిల్ల రాలేదా? ఇయ్యాల దానికి చాయ్ పెట్టిన. ఇంకెన్ని దినాలు శిక్ష ఏస్త దానికి?"

నర్సింహులు ఫొటో ముందు కింద కూర్చుని అంతా చెప్పాడు. రుక్మిణి చివరిదాకా విన్నది. తర్వాత ఆ కప్పు పట్టుకుని, అతన్ని దాటుకుని గేటు వైపు నడిచింది.

కూతురు ఏడాదిగా కూర్చున్న చోటనే అతను కూర్చుండిపోయాడు. బయట ఆడవాళ్లిద్దరూ ఏడుస్తున్నారు. అతన్ని ఎవరూ పిలవలేదు.