ఓడ కిందికి యంత్రం దిగిన రోజు

కరోనా సద్దుమణిగి దీవుల మధ్య ఓడలు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలుపెట్టిన కాలంలో నన్ను పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ఓడల మరమ్మతు యార్డులో డైవింగ్ సూపర్‌వైజరుగా వేశారు. అంతకుముందు నేను అక్కడే డైవర్ని. డైవర్ అనగానే ముత్యాలు ఏరేవాడనుకుంటారు జనం. ముత్యాలూ లేవు, పగడాలూ లేవు. మా పని ఓడ అడుగు చూడటం. రేకు సొట్టపోయిందా, అతుకు విడిందా, ఇంజన్ని చల్లబరిచే సముద్రపు నీరు లోపలికెళ్ళే జాలీకి ఏదైనా అడ్డుపడిందా, దిగి చూసి వచ్చి చెప్పాలి. రేవులో నీరు మడ్డిగా ఉంటుంది కాబట్టి ఆ చూడటం సగం కళ్ళతో, సగం వేళ్ళతో. సూపర్‌వైజరు మాత్రం దిగడు. గట్టున నిలబడి ఎవరు దిగాలో, ఎంతసేపు ఉండాలో, అసలు దిగాలో వద్దో చెబుతాడు. ప్రమోషన్ ఇచ్చి నన్ను నీళ్ళలోంచి బయటికి గెంటారని మా ఇంటావిడ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

నా కింద సీనియర్ డైవర్ నూకరాజు. మా అక్క భర్త. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేట కోసం ఇక్కడికొచ్చినవాళ్ళే. నలుగురిలో నన్ను ‘సార్’ అనేవాడు, ఇద్దరమే ఉంటే ‘బావా’ అనేవాడు. ఇద్దరమే ఉన్నప్పుడు కూడా ‘సార్’ అన్నాడంటే కోపమొచ్చిందని లెక్క.

ఆ ఏడు వానలకు ముందు యార్డుకి రోబో వచ్చింది. సూట్‌కేసంత పసుపుపచ్చ పెట్టె, ముందు కెమెరా, రెండు దీపాలు, చుట్టూ చిన్న చిన్న పంకాలు, వెనక పొడుగాటి కేబుల్. గట్టున కూర్చుని, కెమెరా బొమ్మని తెర మీద చూస్తూ, పిల్లలు వీడియోగేము ఆడే పిడిలాంటి దానితో నడపాలి. నడపడానికి రేఖ అనే ఇంజనీరమ్మాయి చేరింది. ఊళ్ళోనే, గరాచర్మ పేటలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

అది వచ్చిన వారంలోనే ఒక ఉదయం ప్రయాణికుల ఓడ ఒకటి, ఏదో జెట్టీ దగ్గర అడుగు నేలకి రాసుకుందని మా దగ్గరికి వచ్చింది. సాయంత్రం మళ్ళీ కార్ నికోబార్ దీవికి బయలుదేరాలి. అడుగు చూసి మేము సరేనంటే తప్ప కదలకూడదు. చూస్తే, రేవు పక్క వాగులో మొసలి కనబడిందని అంతకు ముందే హెచ్చరిక వచ్చి ఉంది. మొసలి మాట వినబడితే డైవర్ని దించకూడదని నియమం. ఆ నియమం పాతదే. కాకపోతే పూర్వం వేరే దారి లేక, పడవలో ఒకణ్ణి కాపలా పెట్టి దిగేసేవాళ్ళం. ఇప్పుడు దారి ఉంది.

నూకరాజు అప్పటికే డైవింగ్ సూటు తొడుక్కుని వచ్చేశాడు.

“బావా, ఈయాల నన్ను దించు.”

మొసలి ఉందన్నాను.

“ఉంటే ఉంటది. ఈ ముసిలి తోలు దానికేటి రుచి?” అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. “నెలాఖరికి నా మెడికల్ అయిపోద్ది. పాడైపోయిన ఈ చెవితో డాక్టరు మళ్ళీ ఫిట్ అని రాయడు. తర్వాతంతా ఆ డబ్బాదే కదా. ఒక్కసారి యార్. బస్, ఒక్కసారి.”

డైవర్లకి ఏటా వైద్య పరీక్ష చేసి, ఏడాది గడువుతో సర్టిఫికెట్ ఇస్తారు. ఆ పరీక్ష తప్పితే ఉద్యోగం పోదు, రిటైరయ్యేదాకా గట్టు మీద పని ఇస్తారు. కాబట్టి అతను అడిగింది ఉద్యోగం కాదు, నీళ్ళు.

ఆ నీళ్ళేమిటో నాకు తెలుసు. ఓడ కిందికి వెళ్ళాక పైలోకం ఉండదు. అంత ఇనుమూ నెత్తిమీద ఇంటి కప్పులా ఉంటుంది. పక్కల నుంచి పచ్చటి వెలుగు. మన ఊపిరి చప్పుడే మనకు తోడు. ఎవరూ పిలవరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. దిగడం మానేశాక, నిద్ర పట్టకపోతే నేను తలుచుకునేది అదే. మళ్ళీ దిగాలని ప్రాణం కొట్టుకుపోయేది. నన్నే ఎవరైనా రమ్మంటే, మొసలి కాదు, దాని వంశమంతా ఉన్నా వెళ్ళేవాణ్ణి.

అయినా, వద్దు బావా, రోబో దిగుతుంది అన్నాను.

“అచ్ఛా సార్,” అన్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

యంత్రం కేబుల్ ఎక్కడా చిక్కుకోకుండా గట్టు మీద ఒకరు వదులుతూ ఉండాలి. ఎవరూ చెప్పకుండానే నూకరాజు వచ్చి పట్టుకున్నాడు. మనిషి దిగితే అతని నడుముకి తాడు ఉంటుంది. పైనున్నవాడు ఒక్కసారి లాగితే ‘బాగున్నావా’ అని. కిందివాడు ఒక్కసారి లాగితే ‘బాగున్నాను’ అని. యంత్రం ఓడ కిందికి వెళ్ళి కనబడకుండా పోగానే నూకరాజు చెయ్యి కేబుల్ని ఒక్కసారి లాగింది. తెర మీద బొమ్మ ఊగిపోయింది.

“అంకుల్, కేబుల్ లాగకండి ప్లీజ్, పిక్చర్ మొత్తం హిల్ రహా హై,” అంది రేఖ.

“లాగలేదమ్మా, అడిగాను,” అన్నాడు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. తాడు సంగతి నేను చెప్పాను. “ఇది చెప్పదు కదా అంకుల్,” అంది మెల్లగా.

“తెలుసు బేటీ,” అన్నాడు. కేబుల్ మాత్రం వదల్లేదు.

ఉన్నమాట చెప్పాలి, యంత్రం పని బ్రహ్మాండంగా చేసింది. ఓడ అడుగుని అంత శుభ్రంగా మేమెన్నడూ చూడలేదు. రంగు గీసుకుపోయింది, రేకు క్షేమం. నూకరాజు తెర దగ్గరికి వంగి, “అబ్బో, ఎంత సాఫ్‌గా కనబడతంది!” అన్నాడు. తర్వాత నాకొక్కడికే వినబడేలా, “కనబడతంది గానీ బావా, చల్లగా లేదు,” అన్నాడు. ఓడ వేళకి వెళ్ళింది. మొసలి మళ్ళీ కనబడలేదు. డైవర్ని దించే పని మళ్ళీ పడకుండానే నెలాఖరుకి నూకరాజు మెడికల్ గడువు అయిపోయింది, డాక్టరు మళ్ళీ ఫిట్ అని రాయలేదు.

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం, నేను గరాచర్మలో, అతను ఊరవతల చౌల్దారీలో. మా కోడలు కొన్న గుండ్రటి యంత్రం మా ఇంట్లో నేల తుడుస్తుంది. మా ఇంటికొచ్చినప్పుడు అది దగ్గరికొస్తే నూకరాజు కాళ్ళు పైకెత్తి, “రా తల్లీ, నీదే రాజ్యం,” అంటాడు. మొన్నొకసారి అలా కాళ్ళెత్తి కూర్చుని, “అవును గానీ బావా, నా ఆఖరి డైవ్ ఏది?” అని అడిగాడు. ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. రోబో రాకముందు వారం, ఒక ఓడ జాలీకి ప్లాస్టిక్ గోనె అడ్డుపడితే దిగి లాగేశాడు. అదీ. నాది ఏదో నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు.

అతన్ని దించకపోవడం సరైన నిర్ణయం. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. ప్రాణానికి ముప్పున్న చోటికి యంత్రమే వెళ్ళాలి. నేను నేర్చుకున్నది వేరు. యంత్రం యార్డుకి రాగానే మొదటిసారి నీళ్ళలో దించి చూసిన రోజున మేము కొబ్బరికాయ కొట్టాం, మిఠాయి పంచాం, ఫొటో దిగాం. నూకరాజు ఆఖరిసారి పైకొచ్చిన రోజున ఎవరికీ ఏమీ తెలియదు. గోనె గట్టు మీద పడేసి, ఆకలేస్తోందని ఇంటికెళ్ళిపోయాడు.