మట్టికంచె ఉతికించిన మా బాబాయి

మా బాబాయికి మట్టి కదిలితే నిద్ర పట్టదు. పిన్ని పూలకుండీకి నీళ్లు పోస్తున్నా సరే, "మెల్లగా, అంచు కోసుకుపోతుంది" అని చెంబు పట్టుకుంటాడు. వృత్తికి మేస్త్రి. వాగు మీద వంతెన కడుతున్న చోట, తవ్విపోసిన మట్టి వానకు జారి నీళ్లలో పడకుండా చూడడం ఆయన పని. గట్టు మీద పీచు చాపలు పరిపించి, సందుల్లో గడ్డి విత్తనాలు చల్లించాడు. గట్టు కింద పొడవునా కర్రలు పాతించి, వాటికి దట్టమైన గుడ్డ కట్టించి, అడుగంచును నేలలో పూడ్పించాడు. నీళ్లు గుడ్డలోంచి వడకట్టుకుని పోతాయి, మట్టి ఇవతలే ఆగుతుంది. దాన్ని మట్టికంచె అంటారు. మా పిన్ని మాత్రం దాన్ని సవతి అంటుంది.

వంతెనకు కాస్త దిగువన మా అమ్మ లాండ్రీ ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం మా పని. నీళ్లు వాగువే. వంతెన పని మొదలైన కొత్తలో ఒకసారి దుప్పట్లు టీ రంగులో ఆరాయి. ఇంకోసారి ఇలా జరిగితే వేరే చోట చూసుకుంటామని ఆసుపత్రి వాళ్లు మొహం మీదే చెప్పారు. ఆ తర్వాతే బాబాయిని గట్టు పనికి వేశారు. ఆయన నేరుగా మా ఇంటికొచ్చి, గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"వదినా, ఇక మీ తొట్టిలోకి మట్టి వస్తే నన్నడగండి."

"అడుగుతాలే మరిదీ. అడక్కుండా ఎక్కడికి పోతాను?" అంది అమ్మ.

అమ్మకు ఆయనంటే మొదటినుంచీ చిన్నచూపే. అమ్మ చెల్లెల్ని చూసుకోవడానికి మొట్టమొదటిసారి మా ఇంటికొచ్చిన రోజున, కాబోయే పెళ్లాన్ని వదిలేసి పెరటి గోడ కింద మట్టి కుంగిందని చూస్తూ కూర్చున్నాడట. ఆయనకేమో అమ్మ నోట ఒక్క మంచి మాట వినాలని కోరిక. పాపం, ఆ కోరికతోనే జుట్టు నెరిసింది.

కంచె మాత్రం నిలబడింది. వానలు పడ్డాయి, వాగు తేటగానే వచ్చింది, దుప్పట్లు తెల్లగా ఆరాయి. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే గొప్ప అనుకుని ఆయన పొంగిపోయాడు.

ఇంతలో ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. బాబాయి కంచెను ఎగాదిగా చూసుకున్నాడు. గుడ్డంతా మట్టి పట్టి అట్టలు కట్టి ఉంది. అలా ఉంటేనే అది పనిచేసినట్టు. కానీ ఆయనకు తల కొట్టేసినట్టయింది. లాండ్రీ వాళ్ల మరిది మాసిన గుడ్డతో పెద్దమనుషులకు ఎదురుపడడమా? పొద్దున్నే కంచె మొత్తం విప్పించి, తోపుడుబండి మీద వేసుకుని మా గుమ్మంలో దిగాడు.

"వదినా, మధ్యాహ్నానికల్లా కాస్త తెల్లగా చేసివ్వాలి."

అమ్మ బండిని చూసింది, ఆయన్ను చూసింది. "ఇన్నాళ్లూ నా తొట్టిలోకి రాకుండా ఆపిన మట్టిని ఇవాళ నువ్వే బండిలో వేసుకొచ్చావా?"

"అయినవాళ్లు కదా అని..."

"అయినవాళ్లు కాబట్టే నోరు మూసుకుంటున్నాను."

మూసుకోలేదు. ఉతికినంతసేపూ తిడుతూనే ఉంది. వాడకుండా పడేసిన పాత తొట్టిలో నానబెట్టి తొక్కితే, అడుగున పిక్కల లోతు బురద పేరుకుంది. నాకూ ఒళ్లు మండిపోయింది. మేం తొక్కుతుంటే బాబాయి దండెం పక్కన నిలబడి ఈల వేస్తున్నాడు మరి!

ఆకాశం ఉరిమేసరికి ఆ ఈల సగంలో ఆగిపోయింది.

"వదినా, కంచె..." అన్నాడు. కంచె మా దండెం మీద ఆరుతోంది. గట్టు బోసిగా ఉంది. మర్నాటికి ఇవ్వాల్సిన దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. వాగు ఒకసారి బురదైతే తేటపడడానికి రోజులు పడుతుంది. అంటే ఆసుపత్రి పని పోయినట్టే.

అమ్మ చేతిలో సబ్బు విసిరేసింది. "చూస్తారేంటి, లాగండి!"

తడిగుడ్డ భుజాలకెత్తుకుని అందరం గట్టుకు పరిగెత్తాం. కర్రలకు కట్టే వ్యవధి లేదు, వాన దంచికొట్టడం మొదలుపెట్టింది. తాపీ పనివాళ్లు, ఇస్త్రీ వాళ్లు, అమ్మ, నేను వరసగా నిలబడి పై అంచును చేతులతో ఎత్తిపట్టుకున్నాం, కింది అంచును కాళ్లతో తొక్కిపెట్టాం. బాబాయి వరస వెంట పరుగులు పెడుతూ ఒకటే అరుపులు.

"మడమలు ఆనించండి! అదిగో, అక్కడ కారుతోంది! వదినా, మీ కాలే!"

అమ్మ కొరకొరా చూసింది. మడమ మాత్రం ఆనించింది.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు గొడుగేసుకుని దిగాడు. మా వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. వాన తగ్గాక గుడ్డను చేత్తో తడిమాడు.

"ఇది కొత్తగుడ్డలా ఉందే! మొన్నటి వానలకు ఎంత మట్టి ఆగిందో చూద్దామని వచ్చాను. అసలు ఇన్నాళ్లూ ఇక్కడ కంచె ఉందా?"

"ఉందండీ. ఉతికించాను," అన్నాడు బాబాయి.

"మట్టికంచెను ఉతికించావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి తల దించుకున్నాడు. పని నుంచి తీసేస్తారనే అనుకున్నాను. అంతసేపూ ఆయన్ను తిట్టుకున్న నాకు ఏడుపొచ్చింది.

అమ్మ బురదలోంచి కాళ్లు పీక్కుని ముందుకొచ్చింది. "ఇలా రండి సార్," అని ఇంజనీరును లాండ్రీకి తీసుకొచ్చి, పాత తొట్టి ముందు నిలబెట్టింది. ఒక కర్ర తీసి బురదలో అడుగు దాకా గుచ్చింది.

"ఆగిన మట్టి చూడాలన్నారుగా, చూడండి. గుడ్డకు అంటుకున్నదే ఇంతుంది. ఇదంతా వాగులో పడుంటే నేను ఎప్పుడో ఈ కొట్టుకు తాళం వేసేదాన్ని. అటు చూడండి, ఇంత వాన కురిసినా వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో. మా మరిది తిక్కమనిషే, కాదనను. కానీ మాటిస్తే మాటే. ఈయన్ను తీసేసి ఇంకొకర్ని పెడితే నేనూరుకోను."

ఇంజనీరు కాసేపు తొట్టి వైపు, కాసేపు వాగు వైపు చూశాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి, కర్రకంటిన బురదను బుద్ధిగా కొలుచుకున్నాడు.

బాబాయి టేపునూ చూడలేదు, ఇంజనీరునూ చూడలేదు. వాన వెలిసి చాలాసేపైనా, గుమ్మం బయట నిలబడి మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కాళ్లు కడుక్కుని లోపలికి రా మరిదీ, జలుబు చేస్తుంది," అంది అమ్మ, అటు చూడకుండానే.