మా అత్తగారు అద్దిన తెర

మీరు పూజలో మోకరించినప్పుడు పక్కన ఎవరున్నారో చూస్తారా, లేక ఎవరు ఉండకూడదో చూస్తారా? కోపం తెచ్చుకోకండి. జవాబు మీలో మీరే చెప్పుకోండి. మా అత్తగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, జపమాల చేతిలో ఉండగానే, సర్వేశ్వరుడు ఆవిడను పిలుచుకున్నాడు. వాన, బురద. శవపెట్టెను భుజాల మీద మోసే వీలు లేక గూడుబండి కట్టారు. కొన్నేళ్లుగా ఆవిడ కోసం కట్టని బండి అది. బతికుండగా గుడికి తీసుకెళ్లని ఎడ్లు చచ్చాక తీసుకెళ్లాయి.

ఆవిడ నా భార్యకు తల్లి. మా బావగారు ఆవిడ పెద్దకొడుకు, మన గుడికి పెద్ద. వాళ్లది తాతల నాడే క్రీస్తు సత్యవేదంలో కలిసిన రైతు కుటుంబం. గోదావరికి ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక, కృష్ణ అవతలి నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నారు. వేదం మారినా ఇంటి మర్యాద మారలేదు. ఆ ఇంటి ఆడవాళ్లు వీధిలో నడవరు. పుట్టింటికైనా, గుడికైనా తెర దించిన గూడుబండిలోనే వెళ్లాలి. బండి కట్టకపోతే వాళ్లకు గుమ్మమే ఊరి పొలిమేర.

ఆవిడ పుట్టింటి పక్కన బట్టల మీద బొమ్మలు అద్దేవాళ్ల లోగిలి ఉండేదట. చిన్నతనంలో పిట్టగోడ మీంచి చూసి చూసి ఆ పని పట్టుకున్నారు. మన గుడి పీఠం మీద పరిచే బట్ట, ఊరేగింపులో దేవమాత జెండా ఆవిడ చేతివే. మీ పిల్లల్లో సగం మందిని జ్ఞానస్నానానికి తెచ్చింది ఆవిడ అద్దిన గుడ్డల్లోనే. మనిషి ముఖం గీసే ముందు సిలువగుర్తు వేసుకునేవారు. పువ్వుకు మాత్రం వేసుకునేవారు కాదు. ఎందుకండీ అని అడిగితే, "పువ్వు తప్పు గీస్తే ఇంకో పువ్వవుతుందండి. మనిషిని తప్పు గీస్తే అబద్ధం అవుతుంది" అన్నారు.

అల్లుణ్ణి కనుక నా ఎదటికి వచ్చేవారు కాదు. ఈ ఊరి ఉపదేశిగా నేను వసారాలో కూర్చుని వాక్యం చెబుతుంటే, తలుపు వెనక నుంచి ప్రశ్నలు వచ్చేవి. గురువుల దగ్గర చదువుకోని నేను గ్రంథాన్ని ఆ ప్రశ్నలకు భయపడే ఎక్కువ చదివాను.

"అల్లుడుగారూ, యేసునాథుడు ప్రాణం విడిచినప్పుడు దేవాలయంలో తెర చిరిగిందన్నారు కదా. దాన్ని నేసిందెవరండి?"

"గ్రంథంలో లేదండీ."

"ఎవరో ఆడదే అయ్యుంటుంది. కళ్లు పోగొట్టుకుని నేసుంటుంది. చిరిగిందని విని ఏడ్చిందో, నవ్విందో!"

కొన్నేళ్ల కిందట ఊరి చివరి పేటవాళ్లు, మనం అంటరానివాళ్లని దూరం పెట్టినవాళ్లు, కుటుంబాలకు కుటుంబాలు జ్ఞానస్నానం పొందారు. పరలోకంలో పండగ జరిగి ఉంటుంది. ఇక్కడ మన పెద్దలు మాత్రం గుడి మధ్యన తెర కట్టాలన్నారు. ఇటు మనం, అటు వాళ్లు. ఏడాదిలో ఏ కొద్దిసార్లో పూజ చెప్పడానికి వచ్చే స్వాములవారు ఊరి మాట కాదనలేకపోయారు. మామూలు గుడ్డ అయితే వెలితిగా ఉంటుందని, అద్దిన తెర వేలాడదీద్దామని మా బావగారు తల్లిని అడిగారు. ఆ మాటలు నా భార్య విన్నది.

"తీగలూ పువ్వులూ వెయ్యమ్మా, పండగలా ఉండాలి. గుడ్డ మాత్రం దళసరిగా ఉండాలి. అవతల ఉన్నవాళ్లు కనపడకూడదు."

"కనపడకూడదా?"

"అందుకే కదమ్మా తెర."

"సరే. నేనేది వేసినా కడతావా మరి?"

"కడతాను. నా మాట."

అద్దకంలో నల్లగీతలు ముందే కనిపిస్తాయి. ఎరుపు రావలసిన చోట పటికనీళ్లతో గీస్తారు. చిరివేరు అనే ఎర్రరంగు వేరు వేసి ఉడికిస్తే గాని ఆ గీత ఎర్రబడి బయటపడదు. అందుకని గీసేవాళ్లు తమ గుర్తు కోసం పటికనీళ్లలో కాస్త రంగు కలుపుకుంటారు. ఆ సారి మా అత్తగారు కలపలేదు. పెద్దలు వచ్చి చూస్తే గుడ్డ నిండా నల్లటి తీగలే. భేషన్నారు, తాంబూలం వేసుకుని వెళ్లారు. తరవాత పెరట్లో ఆడవాళ్లే దాన్ని ఉడికించారు. కాలవలో జాడించి, మడత పెట్టి, యేసునాథుడు సమాధి నుంచి లేచిన పాస్కా పండగ పొద్దున గుడికి పంపారు.

తాళ్లు లాగి తెర విప్పారు. తీగల మధ్యన ఎర్రగా మనుషులు! ఈ కొస నుంచి ఆ కొస దాకా విందు బల్ల. నడుమ యేసునాథుడు. ఆయనకు రెండు పక్కలా పేటవాళ్లు. ఎవరో పోల్చుకోనక్కర్లేదు, పేరు పెట్టి పిలవచ్చు. చెప్పులు కుట్టే తాత, నీళ్ల కావిడి మోసే వాడు, వాడి పెళ్లాం చంకలో బిడ్డ. ప్రభువు కుడిపక్కన పేట మంత్రసాని, ముందుపళ్లు లేని నవ్వుతో సహా. బల్లకు మన వైపు వరస మాత్రం మొత్తం ఖాళీ. ఎవరో వచ్చి కూర్చోవాలన్నట్టు.

మా బావగారు కొయ్యబారిపోయారు. ఆయన పుట్టినప్పుడు పట్టుకున్నది ఆ మంత్రసానే.

రంగు రెండో వైపూ తేలింది కనుక అటు నుంచీ బొమ్మ తెలుస్తోంది. ఆ ముసల్ది ఒక్క అరుపు అరిచింది. "అమ్మ బాబోయ్, ఇది నేనేనండీ! నా బోసినోరు కూడా ఎట్టేసారండీ అమ్మగారు!" అటు నవ్వులు లేచాయి. నిజం చెప్పాలంటే ఇటూ ఎవరో నవ్వారు.

ఇంటికొచ్చాక బావగారు తల్లి ముందు నిలబడ్డారు. "ఎందుకమ్మా నా పరువు తీశావు?"

"అవతల ఉన్నవాళ్లు కనపడకూడదన్నావు కదరా. అందుకని ఇవతల పెట్టాను."

"పరాచికాలా?"

"నిన్ను నా కంటే ముందు ఎత్తుకుంది అది. పురుట్లో లేని మైల పూజలో ఎక్కణ్ణించొచ్చిందిరా?"

తెరను చాకలికి వేశారు, రంగు పోయేదాకా ఉడకబెట్టమని. చిరివేరు ఎరుపు ఉతికేకొద్దీ నిగ్గు తేలుతుంది గాని పోతుందా? విసిగి దాన్ని గాదెలో వడ్లమీద కప్పారు. గుడిలో దాని చోట వెదురు తడిక లేచింది. అది ఇప్పటికీ ఉంది.

మా అత్తగారికి ఆ రోజు నుంచి బండి లేదు. తలుపుకు తాళం వేయలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. బండి కట్టలేదు, అంతే. నడిచి వెళ్లిపోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అన్నాను. బావగారు ముందే చెప్పి ఉంచారు: తల్లి వీధిలోకి దిగిన రోజున కోడలికీ, మనవరాలికీ కూడా బండి ఆగిపోతుంది. ఆ మనవరాలు అప్పుడు ప్రభువు శరీరమైన సత్ప్రసాదాన్ని తొలిసారి అందుకోడానికి సిద్ధపడుతోంది. ఒక పెద్ద శుక్రవారం నాడు, ప్రభువు సిలువ మీద పోయిన రోజున, మా అత్తగారు చెంగు దోపుకుని మెట్టు దాకా వచ్చారు. ఒక పాదం నేల మీద పెట్టారు కూడా. వెనక నుంచి పిల్ల, "నాయనమ్మా, నన్ను కూడా ఆపేస్తారా?" అంది. ఆ పాదం వెనక్కి వెళ్లింది.

తల్లి మీద ప్రేమ లేనివాడు కాదు మా బావగారు. "ఇంట్లోనే పూజ చెప్పిద్దామమ్మా, స్వాములవారిని పిలిపిస్తాను" అని బతిమాలారు.

"నాకేం రోగమా? అందరి బల్ల అక్కడుంటే నాకొక్కదానికి ఇక్కడ విస్తరి వేస్తావా?" అన్నారు. తినలేదు. అన్నం కాదు నేను చెప్పేది. ప్రభువు శరీరం కోసం అంత ఆకలితో ఉండి, కొడుకు విడిగా వడ్డిస్తానంటే వద్దన్నారు.

ఆదివారాలు కిటికీ ఊచలు పట్టుకుని, గంట వినిపించిన వైపు మోకరించేవారు. మనవరాలు తిరిగి రాగానే ప్రశ్నలు. ప్రసంగం సంగతి కాదు. మంత్రసాని దగ్గు తగ్గిందా? కావిడివాడి బిడ్డ నడుస్తోందా? తడిక సందులోంచి చూసి ఆ పిల్ల చెబితే, తడివేలితో ఆ ముఖాలను గచ్చు మీద గీసేవారు. ఆ తడి ఆరిపోయేది. మళ్లీ వేలు చెంబులో ముంచేవారు. ఆ పిల్లకు అలాగే చెయ్యి తిరిగింది. మెల్లగా ముఖాలు గీస్తోంది, సిలువగుర్తు వేసుకుని.

మనం రాయప్పగారని పిలుచుకునే అపోస్తలుడు పేతురు చెరలో ఉంటే దేవదూత వచ్చి సంకెళ్లు ఊడదీశాడు, ఇనపగుమ్మం దానంతటదే తెరుచుకుంది. మా అత్తగారి గుమ్మానికి ఏ దూతా రాలేదు. పరలోకంలో దూతలు కరువై కాదు. ఆ సంకెలను కట్టింది మనం గనుక, విప్పడం మన పని గనుక.

ఆఖరి జబ్బులో స్వాములవారికి కబురు పెట్టాం. ఆయన పట్టిసీమ దాటి మన్యం వైపు వెళ్లి ఉన్నారు. ఏరు పొంగి కబురు చేరలేదు. నేను ఉపదేశిని, ప్రార్థన చెప్పగలను గాని పాపం విప్పలేను, సత్ప్రసాదంగా ప్రభువును నోట పెట్టలేను. ఆవిడ తలుపు వెనక నుంచి కాకుండా నాతో ఎదటపడి మాట్లాడింది ఆ రోజే. "తడిక ఉందా అండి ఇంకా?" అన్నారు. ఉందండీ అన్నాను. కళ్లు మూసుకున్నారు.

పెట్టెను గుడిలో ఇటు వైపు దించారు. తడిక అవతల పేటంతా నిలబడింది. మంత్రసాని గొంతు వినిపించింది: "ఓపాలి సూడనివ్వండయ్యా. పిల్లలందర్నీ నా సేతులమీదే కన్నాది." ఎవరూ కదల్లేదు. సమాధి దగ్గర మా బావగారు పసివాడిలా ఏడ్చారు. నేను చెయ్యి పట్టుకుని తడిక సంగతి ఎత్తాను. "ఏడోనాటి పూజ కానివ్వండి బావా, తరవాత చూద్దాం" అన్నారు.

ఆ పూజ రేపు. స్వాములవారు చేరుకున్నారు. తరవాత అంటే ఏమిటో నేను చూశాను. ఒక మనిషి ఆయుష్షంత పొడుగు ఉంటుంది అది.

నేనొక్కణ్ణే వెళ్లి ఆ తడిక పీకెయ్యగలను. అప్పుడది ఉపదేశి పొగరు అవుతుంది, వారం తిరక్కుండా మళ్లీ లేస్తుంది. మీరు కట్టారు, మీరే విప్పాలి. రేపు పూజ మొదలయ్యాక కాదు, ఇవాళ సాయంత్రం ప్రార్థన గంటకు. పేటవాళ్లకు కబురు చెప్పాను, వస్తున్నారు. బావగారూ, మీరు ముందు రండి. అయ్యలారా, మీ ఇళ్లలో బండ్లు కట్టండి. కట్టకపోతే, అమ్మలారా, అక్కలారా, నడిచి రండి. బురద కాళ్లకే అంటుతుంది. తడిక తాళ్లు వానకు నాని బిగుసుకున్నాయి, చేతులతో ఊడవు. కొడవళ్లు తెచ్చుకోండి.