నాలుగు వేళ్ల సందు

మొన్న ఆళ్లగడ్డలో మా కొట్టు ముందు శనగల బస్తాలెత్తుకోవడానికి వచ్చిన లారీ ఒక పక్కకు ఒరిగి నిలబడింది. ఖాళీ లారీ ఒరగడం చూసి ఊరుకోలేక, "నంద్యాలకు పోయి కమాన్లు కట్టించుకోరాదా అప్పా?" అని డ్రైవరును అడిగాను. అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "ఎవురితో కట్టించేదన్నా? మేస్త్రి బేస్తవారం పోయినాడు గదా. నీకు తెల్దా?" అన్నాడు. నాకు తెలియదు. తూకం దగ్గర నిలబడాల్సినవాణ్ణి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

మీలో బండ్లతో పని లేనివాళ్లకు ఆయన తెలిసి ఉండడు. ఆయన అసలు పేరు మాకూ సరిగ్గా తెలియదు. ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల దాకా అందరికీ ఆయన కమాన్ల మేస్త్రి. బండి వెనక ఇరుసు మీద ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి, విల్లులా వంగి, కట్టగా ఉంటాయి. బరువంతా మోసేవి అవే. వాటినే మా వైపు కమాన్లంటారు. అవి మోసి మోసి చదునైపోతే కొలిమిలో కాల్చి, సుత్తితో మళ్లీ వంపు తెచ్చి కట్టడం ఆయన పని. నంద్యాల దాటి ఆళ్లగడ్డ రోడ్డెక్కే చోట ఆయన రేకుల షెడ్డు. షెడ్డు ముందు ఎత్తుపల్లాలు లేకుండా పరిచిన నల్లబండలు. బండి వాటి మీద నిలబడితేనే ఆయన దాన్ని చూసేవాడు. "మట్టి అబద్ధం చెప్తాదప్పా. బండ చెప్పదు" అనేవాడు.

చూడడమంటే ఆయన చూడడం వేరు. బండి వెనక ఇరవై అడుగుల దూరాన గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, చాలాసేపు ఊరికే చూసేవాడు. నోట్లో ఆకువక్క ఉంటే నమలడం కూడా ఆపేవాడు. రోడ్డు మీద పోయే లారీ నడుమును చూసి అందులో శనగలున్నాయో బియ్యమున్నాయో చెప్పేవాడు. ఒకసారి పెళ్లి బస్సొకటి పోతుంటే చూసి, "బోజనాలు బాగున్నట్లుండాయి" అన్నాడు. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, సాసరులో పోసుకుని టీ తాగేవాడు. తాను బాగుచేసిన కార్లలో మాత్రం ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. ఎందుకని అడిగితే, "లోపల కూచుంటే బండి కనపడదు గదప్పా" అనేవాడు.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి పోయింది డెబ్బైల చివర్లో. అప్పుడే మద్రాసులో చదువు అయిందనిపించుకుని వచ్చాను. అక్కడ చదువు కన్నా కారు పందేలు నాకు బాగా ఒంటబట్టాయి. ఆ పందేల్లో పరుగెత్తే రకం నాలుగు తలుపుల కారే ఒకటి, పాతది, కొని తెచ్చుకున్నాను. పందెం కార్లు నేలకు ఆనుకుని పోతాయి. నాదేమో పంచె పైకెత్తుకుని వాగు దాటే పెద్దమనిషిలా ఎత్తుగా ఉండేది. దాన్ని కిందికి దించాలి, వెడల్పు చక్రాలు వేయాలి. నాకు రాత్రింబగళ్లు అదే యావ. చక్రాలైతే మద్రాసు పాతసామాన్ల బజారంతా గాలించి, తళతళలాడే అల్యూమినియంవి నాలుగు సంపాదించాను. బండిని దించడానికి మేస్త్రి ఉన్నాడని మా ఊళ్లో ఎవరో చెప్పారు.

ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. నాయన నేను చదువులో ఉండగానే పోయాడు. అమ్మ మిషను బడిలో పంతులమ్మగా పనిచేసి మానుకుంది. భారీ మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. అయినా ప్రతి ఆదివారం నంద్యాల చర్చికి బస్సులో పోయేది. ఆళ్లగడ్డలో చర్చి లేక కాదు. ఆమె బాప్తిస్మం, పెళ్లి నంద్యాలలోనే అయ్యాయి. బస్సు మెట్టు ఎక్కలేక కండక్టరు చేయి పట్టుకుని లాగించుకునేది. కారు కొనేటప్పుడు ఆమెకు నేనిచ్చిన మాట ఒక్కటే: "ఇంక నువ్వు బస్సెక్కే పని లేదమ్మా."

మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ బండిలో ఎవురెవురు కూచుంటారప్పా?" అని అడిగాడు. ఏ బండి వచ్చినా ఆయన మొదట అడిగేది అదేనట. నాకు తెలియదు. పందెం కారు నడిపేవాడు ఒంటరిగా కదా కూర్చుంటాడు! తడుముకోకుండా, "నేనొక్కన్నే" అన్నాను.

"మరి ఈ ఎనక సీటు ఎందుకు?"

"ఉంటే ఉండనీ మేస్త్రీ. నువ్వు దించు."

దించాడు. ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోశాడు, వెనక కమాన్లలో రెండేసి పట్టీలు తీశాడు, నా వెడల్పు చక్రాలు బిగించాడు. కారు బండల మీద పిల్లిలా అణిగి కూర్చుంది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మేస్త్రి మాత్రం దూరాన గొంతుకూర్చుని చూసి, "బండి ఖాళీగా వున్నప్పుడు చూసి మురిసిపోవద్దప్పా. నిండినప్పుడు చూడు" అన్నాడు. నేను వినలేదు.

ఆ ఆదివారం అమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలూ పాటల పుస్తకమూ ఒళ్లో పెట్టుకుని, వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుంది. ఊరు దాటకముందే ఎడమ వెనక చక్రం పైనున్న మడ్డుగారు రేకుకు రాచుకోవడం మొదలైంది. గుంత వచ్చినప్పుడల్లా కీచుమని చప్పుడు, కాలిన రబ్బరు కంపు. శిరివెళ్ల ఇవతల కల్వర్టు దగ్గర బండి అడుగు నేలకు తగిలి ఆగిపోయింది. అమ్మ తలుపు తీసుకుని దిగింది. "నువ్వు దాటించుకోపో నాయనా, నేను నడుస్తా" అంది. దాటించి ఎక్కించుకున్నాను. ఫర్లాంగు పోయాక మళ్లీ అంతే. మళ్లీ దిగింది. ఎండలో, ఆ మోకాళ్లతో, పుస్తకాలు గుండెకు ఆనించుకుని, నా కారు వెనక మా అమ్మ నడుచుకుంటూ వచ్చింది. చివరికి శిరివెళ్లలో నంద్యాల బస్సు కనిపిస్తే చేయెత్తి ఆపింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి నవ్వింది. "నీ బండికి నేను బరువురా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నేరుగా మేస్త్రి మీదికి పోట్లాటకు పోయాను. "నీ పని చెడిపోయింది" అన్నాను.

"యాడ చెడింది? నువ్వొక్కనివే పోయినప్పుడు తగిలిందా?"

"లేదు."

"మరి ఎవురు కూచున్నారు?"

"మా అమ్మ."

ఆయన సుత్తి కింద పెట్టాడు. కోప్పడలేదు. "అమ్మను మర్చిపోయి బండి కట్టించుకుంటివా అప్పా?" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లయినా నా చెవిలో అట్లాగే ఉంది. అమ్మను తీసుకొస్తేనే మళ్లీ పని మొదలుపెడతానన్నాడు. కానీ అమ్మ రానంది. కోపమేమీ లేదంటుంది, అన్నం పెడుతుంది, నవ్వుతుంది, కారు మాత్రం ఎక్కదు. ఆదివారం ఆదివారం బస్సు కోసం నిలబడుతుంది. నేను ఇంటి ముందు ఆ తళతళలాడే చక్రాలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వాటిని తుడవడం కూడా మానేశాను.

రెండు నెలలు చూసి, ఒక శుక్రవారం మేస్త్రి తానే బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. శుక్రవారం ఆయన షెడ్డు తెరవడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, తలకు టోపీతో, జేబులో ఒక నూలు దారంతో వచ్చాడు. అమ్మకు దండం పెట్టి, "నువ్వు రోజూ కూచునే కుర్చీ యాదమ్మా?" అని అడిగాడు. అమ్మ ఆశ్చర్యపోయి వరండాలో ఉన్న కుర్చీ చూపించింది.

"దీంట్లో నుంచి లేచేటప్పుడు మోకాళ్లు నొస్తాయా?"

"దీంట్లో నొయ్యవు."

ఆయన కుర్చీ పక్కన కూర్చుని, నేల నుంచి దాని ఎత్తు దారంతో కొలిచి ముడి వేశాడు. "నీ కొడుకు బండి సీటు గూడ ఇంతే ఎత్తుంటాదమ్మా. దించింది మంచిదే. నిన్ను కూచోబెట్టకుండా దించడమే తప్పు."

"నన్ను మోస్తాదా మేస్త్రీ అది?"

"శనగల లారీని మోసే ఇనుమమ్మా. నువ్వెంత, నీ పాటల పుస్తకమెంత!"

అమ్మ పడీ పడీ నవ్వింది. ఆయనకు భోజనం పెట్టి గాని పంపలేదు.

మరుసటి రోజే నంద్యాలకు పోయాం. కల్వర్టు వచ్చినప్పుడు నేను చెప్పకుండానే అమ్మ దిగి నడిచింది, కానీ ఈసారి నేను ఇంజను ఆపి ఆమె పక్కన నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి కారు తెచ్చుకున్నాను. బండల మీద మేస్త్రి ఆమెను నాలుగుసార్లు ఎక్కించాడు, నాలుగుసార్లు దించాడు. ఎడమ కమానుకు ఒక పట్టీ ఎక్కువ వేశాడు. ఆమె కూర్చున్నాక చక్రానికీ మడ్డుగారుకూ మధ్య సందులోకి తన చేయి పోనిచ్చి, నాలుగు వేళ్లు పట్టేదాకా సవరించాడు. "బరాబర్" అన్నాడు. తరవాత వెనక ఉన్న నా వెడల్పు చక్రాలు రెండూ ఊడదీసి, పాత ఇనప చక్రాలు బిగించాడు. నేను గగ్గోలు పెట్టాను.

"ముందొక రకం, ఎనకొక రకమా మేస్త్రీ?"

"నువ్వు ముందర కూచుంటావు, అమ్మ ఎనక కూచుంటాది. ఎవురి చక్రాలు వాళ్లకి."

అట్లా ముందు చక్రాలు పందేనికీ, వెనక చక్రాలు చర్చికీ పోయే కారు మా జిల్లాలో నాదొక్కటే. ఆళ్లగడ్డలో నన్ను ఆటపట్టించనివాళ్లు లేరు. అమ్మ లేనప్పుడు ఎడమ వెనక పక్క రెండు వేళ్లు పైకి లేచి ఉండేది. ఆమె కూర్చోగానే కారు సమంగా సర్దుకునేది. ఏడెనిమిదేళ్ల ఆదివారాలు అట్లా గడిచాయి. చర్చి అయ్యాక షెడ్డు ముందు ఆపేవాణ్ణి. అమ్మ అద్దం దించి, కాగితంలో కట్టిన కేకు ముక్క ఇచ్చేది. ఆయన దూరం నుంచే ఒక కన్ను మూసి చూసి, "బరాబరుంది పో" అని చేయెత్తేవాడు. వెనక సీట్లో అమ్మ సన్నగా పాట అందుకునేది. శిరివెళ్ల, నల్లరేగడి చేలు, కిటికీలోంచి శనగపూత వాసన. అప్పుడు అది మామూలు ప్రయాణం అనుకున్నాను. ఇప్పుడు ఆ నలభై కిలోమీటర్ల కోసం ఏదైనా ఇచ్చేద్దామనిపిస్తుంది.

అమ్మ పోయాక నెలన్నర పాటు నేను ఆ దారి తొక్కలేదు. తరవాత ఒక ఆదివారం చర్చికి ఒక్కణ్ణే పోయి వస్తున్నాను. మేస్త్రి షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. దూరం నుంచే కారును చూశాడు. ఆదివారం పూట, చర్చి వేళ, ఎడమ వెనక పక్క లేచి వస్తున్న కారు. నేను ఆపి దిగేసరికి ఆయన చేతిలోని సుత్తి నేల మీద ఉంది. అమ్మ యాడ అని అడగలేదు. "ఎప్పుడప్పా?" అన్నాడు.

ఆయన నా భుజం పట్టుకుని తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. కాసేపయ్యాక, ఆ ఎక్కువ పట్టీ తీసెయ్యి మేస్త్రీ, బండి సమంగా ఉంటుందని అడిగాను. ఆయన వంగి సందులో చేయి పెట్టి, "ఈ పొద్దు వద్దులేప్పా" అన్నాడు. తరవాత పోయినప్పుడూ అదే మాట, ఆపై ఏడాదీ అదే మాట. "కొలిమి చల్లగుంది" అంటాడు, "పనుంది, జల్దీ పో" అంటాడు. లారీ కమాన్లు కాలుతూనే ఉండేవి. ఆయన తీయడని నాకూ తెలుసు. అయినా పోయినప్పుడల్లా అడిగేవాణ్ణి. తీయనని చెప్పే మనిషి ఒకరు ఉండాలని అడిగేవాణ్ణేమో. అమ్మను గురించి ఆయనా నేనూ వేరే ఏం మాట్లాడుకున్నాం గనక!

లారీ డ్రైవరు చెప్పిన మర్నాడు నంద్యాల పోయాను. కొలిమి ఆరిపోయి ఉంది. మేస్త్రి కొడుకు, ముప్పై దాటిన మనిషి, సామాన్లు సర్దుతున్నాడు. వాళ్ల నాయన పోయిన రోజు కూడా పని చేశాడట, టీ తాగి పడుకుని మళ్లీ లేవలేదట. ఆ తరవాత అతను బండల మీద ఉన్న నా కారు వెనక్కి నడిచాడు.

"ఒక పక్క లేసిందన్నా. నాయన ఉన్నప్పుడు ముట్టుకోనీలేదు. ఇప్పుడు తీసి సమం చేయమంటావా?" అని, సందులో చేయి పెట్టి చూస్తూ అడిగాడు: "ఈ బండిలో ఎవురెవురు కూచుంటారు?"

నేనొక్కన్నే. ఆ రోజు అబద్ధమైన మాట అది, తడుముకోకుండా వచ్చింది. ఇవాళ నిజం.

"ఈ పొద్దు వద్దులేప్పా" అన్నాను.

కారు ఎక్కి రోడ్డు మీదికి వచ్చాక అద్దంలో చూశాను. అతను షెడ్డు ముందు గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, నా కారు ఎడమ పక్కను చూస్తున్నాడు. అతను చూసినంతసేపూ చూడనీ అని, రోడ్డు మలుపు తిరిగేదాకా రెండో గేరులోనే పోనిచ్చాను.