మా మేనమామ అలక

మొన్న మిర్యాలగూడలో మా కోడలు ఎవరితోనో ఫోన్లో, పాప పొద్దుటి నుంచి అప్‌సెట్ అయిందని చెబుతుంటే గదిలోకి తొంగి చూశాను. మా మనవరాలు గోడవైపు తిరిగి, మూతి ముడుచుకుని, ఇడ్లీ ముట్టకుండా కూర్చుంది గానీ, ఎవరొస్తారా అని ఒక కన్ను మాత్రం తలుపు మీదే పెట్టింది. దీన్ని మా కాలంలో అలక అనేవాళ్లం తల్లీ అని చెబుదామనుకుని, అడగనిదే చెప్పడమెందుకని ఊరుకున్నాను.

అలుగు అన్న మాట నుంచి అలుక పుట్టిందని, అలుక నోళ్లలో నలిగి అలక అయిందని బడిలో మా తెలుగు సారు చెప్పారు. అర్థం కోపమేనన్నారు. పెద్దాయన మాట కాదనను గానీ, కోపం బస్సు కండక్టరు మీదా వస్తుంది, కరెంటు తీసేసినవాళ్ల మీదా వస్తుంది, వాళ్ల మీద ఎవరైనా అలుగుతారా? అలిగేది మనవాళ్ల మీదే, అదీ వచ్చి బతిమాలుతారన్న ధీమా ఉంటేనే. ఈ సంగతి నాకు బడిలో కాదు, మా మేనమామ దగ్గర తెలిసింది.

ఆయన మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నేరేడుచర్ల నుంచి వేములపల్లిలోని మా ఇంటికి ఏ శుభకార్యానికి వచ్చినా అలగకుండా వెళ్లిన పాపాన పోలేదు. మా తమ్ముడి పుట్టువెంట్రుకలప్పుడు మాంసం కూరలోని మూలుగ బొక్క పక్కవాడి విస్తట్లో పడిందని అలిగాడు, మా అక్క పెళ్లికి బస్సు దిగితే ఎవరూ ఎదురు రాలేదని అలిగాడు. అలిగినప్పుడల్లా వెళ్లి గడ్డివాము పక్కన కూర్చునేవాడు, అదీ పందిట్లో అందరికీ కనిపించే వైపున. అమ్మ చేతిలో పని వదిలేసి వెళ్లి గడ్డం పట్టుకుని బతిమాలితే, ఓ గంటకు, మనకేదో ఉపకారం చేస్తున్నట్టు లేచి వచ్చేవాడు.

నాకు కోదాడ సంబంధం కుదిరింది. వాళ్లు అండీ లేకుండా పలకరించని మనుషులు. వాళ్ల ముందు ఈ తతంగం నడిస్తే పరువు పోతుందని హడలిపోయిన మా నాన్న, ఈసారి బామ్మర్దికి అలగడానికి సందే ఇవ్వకూడదని పంతం పట్టాడు. బస్సు దగ్గరికి ఇద్దరిని పంపాడు, కుర్చీ వేయించి దాని మీద కొత్త తువ్వాలు పరిపించాడు, గంటకో సోడా కొట్టించాడు, మూలుగ బొక్కలన్నీ ఏరించి వేరే గిన్నెలో దాచిపెట్టించాడు. మామ ఏ పని అందుకోబోయినా నలుగురు పరుగెత్తుకొచ్చి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు.

మా వైపు పెళ్లికూతుర్ని మేనమామే గంపలో పందిట్లోకి ఎత్తుకురావాలి. నేను బుగ్గన చుక్కతో గంపలో కూర్చున్నాను, పెళ్లి చేయించే అయ్యగారు పిల్లను తెమ్మని కేకేశారు, మామ లేడు. గడ్డివాము దగ్గరా లేడు. పెళ్లికొడుకు పెదనాన్న, "ముహూర్తం దాటిపోతోందండీ, మేనమామగారేరండీ?" అని రెండుసార్లు అడిగాడు. నేను గంపలోంచే మెడ సాచి కిటికీలోంచి చూస్తే, రోడ్డవతల బస్సు ఆగే చోట సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పందిట్లో ఎవరికీ కనిపించని చోటికి పోయి అలిగాడంటే ఈసారి నిజంగానే వెళ్లిపోతాడని నాకు ఏడుపొచ్చేసింది.

అమ్మ ఉరికింది. మామ గొంతు మా ఇంట్లోకి వినబడింది. "కుర్సీ ఏసిండ్రు, సోడాలు తాపిండ్రు. గీ పందిరి గుంజ పట్టుకొమ్మన్నోడు లేడు, గా అన్నం బగోన దించుమన్నోడు లేడు. నేనేమన్న మగపెళ్లోళ్ల సుట్టాన్నా అక్కా?"

అమ్మ ఈసారి గడ్డం పట్టుకోలేదు. "సిగ్గు లేదారా నీకు! గాడ పిల్ల గంపల కూసోని ఏడుస్తుంటే గీడ బస్సుకు నిలవడ్డవా? ఉరుకు!" అని వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ కోసమే పొద్దుటి నుంచి కాచుకున్నట్టు మామ మొహం విప్పారింది, సంచి అమ్మ చేతిలో పడేసి పరుగెత్తుకొచ్చాడు. గంప ఎత్తుతూ, "ఏం పెట్టి పెంచిండ్రే నిన్ను!" అని రొప్పుతూ తిట్టాడు. ఆ తిట్టు విని కోదాడవాళ్లు బిత్తరపోయారు గానీ, నాకు మాత్రం అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

అమ్మ పోయిన రెండేళ్లకు సూర్యాపేటలో ఫంక్షన్ హాల్లో మా అమ్మాయి పెళ్లి చేశాం. మామ ఏదో ఒకదానికి అలగకపోతాడా అని, కావాలనే బస్టాండుకు ఎవరినీ పంపలేదు, మూలుగ బొక్క ఆయన కళ్లముందే పక్కాయనకు వేయించాను. మామ తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, బాగుందన్నాడు. ఉండబట్టలేక అడిగేశాను, ఏం మామా, అలగవా అని.

"మీ అమ్మ లేదు గద బిడ్డా. ఎవలు బతిమాలుతరని?"

ఇప్పుడు పెళ్లిళ్లలో ఎవరూ అలగడం లేదు, వంట కాంట్రాక్టు వాళ్లది, మర్యాద మేనేజరుది. అంతా సాఫీగా జరిగిపోతుంది, మంచిదే. నాకు మాత్రం ఈ మధ్య ఒక్కోసారి గట్టిగా అలగాలనిపిస్తుంది. ఎవరి మీద అని కాసేపు ఆలోచించి, లేచి నా పని నేను చూసుకుంటాను.