మిషనేమన్నా చెప్పిందా?

తాలింపులో ఎండుమిరపకాయ కాస్త మాడితే చాలు, నేను ఇప్పటికీ ఇంట్లోంచి బయటికి వచ్చేస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. "గుంటూరులో పుట్టి మిరపకాయ ఘాటుకు జడిసే మగాణ్ణి మిమ్మల్నే చూశాను" అంటుంది. నేనూ నవ్వేస్తాను. ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి గుండెల మీద కుంపటిలా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ఒక ఏసీలో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. కోల్డ్ స్టోరేజీని మా వైపు ఏసీ అనే అంటారు. మంచి ధర వచ్చేదాకా రైతులు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దాచుకునేది అక్కడే. చాంబర్లలో వేడి పెరిగితే కనిపెట్టే మిషను ఒకటి పెట్టించారు మా ఓనరుగారు. లోపల వేడెక్కగానే అది ఆఫీసు మెయిల్‌కి కబురు పంపేది. ఆ మెయిల్ చూసేది నేనొక్కణ్ణే. మోగేది నా ఫోనే.

సరుకు దించే రోజుల్లో చాంబర్ తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. ముఠా కూలీలు టిక్కీలు మోస్తూ లోపలికీ బయటికీ తిరుగుతుంటే మిషను ఊరుకోదు. అన్నం దగ్గర కూర్చుంటే మోగేది. స్నానానికి వెళితే మోగేది. "నాన్నా పులి" అని పొద్దస్తమానం అరిచేవాణ్ణి ఎంతకని భరిస్తాం? ఒకరోజు విసుగెత్తి 'ఇది స్పామ్' అని నొక్కేశాను. అప్పటినుంచి ఆ మిషను పంపేవన్నీ లాటరీ మెయిళ్ళతో, లోన్ ఆఫర్లతో కలిసి చెత్తలోకి పోసాగాయి. ఫోను మూగబోయింది. హాయిగా ఉందనిపించింది, దాచడమెందుకు. సరుకు నిండి తలుపులు మూశాక దాన్ని మళ్ళీ మార్చాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రానే లేదు.

ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండో చాంబర్ అంటుకుంది. నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఫోనులో క్రికెట్ చూస్తున్నాను. ఫోను చేతిలోనే ఉంది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. చేతిలోనే ఉంది.

ఓనరుగారు పిలిస్తే పరిగెత్తాను. మిర్చి పొగకి ఊరు ఊరంతా దగ్గుతోంది. రైతులు తువ్వాళ్ళు మూతికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఘాటుకో, కడుపుమంటకో తెలియదు. నేను గోడ పక్కకి వెళ్ళి స్పామ్ తెరిచాను. మిషను నుంచి మూడు మెయిళ్ళు. మొదటిది పొగ కనపడటానికి గంట ముందే వచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమి ఆలోచించానో గుర్తు లేదు. అసలు ఆలోచించానా? మూడూ తుడిచేశాను. ఎవరడిగినా "ఏ మెయిలూ రాలేదండీ" అన్నాను. మిషను కూడా కాలిపోయింది కాబట్టి ఎవరూ రెట్టించి అడగలేదు.

కాలిన గోడకి బయట ఖాళీ గోతాల గుట్ట ఒకటి ఉండేది. అదీ కాలింది. దాని పక్కన ఒక బీడీ ముక్క దొరికింది. కాపలా ఉండే ఏసోబు బాబాయ్‌కి బీడీ అలవాటని అందరికీ తెలుసు. ఇంకేం కావాలి? ఆయన కాల్చి పారేసిన బీడీకి గోతాలు అంటుకుని, నిప్పు లోపలికి పాకిందని తేల్చేశారు. ఆయన మాత్రం చర్చి నుంచి వచ్చినప్పట్నుంచీ గేటు దగ్గర్నుంచి కదల్లేదని అందరితో చెబుతూనే ఉన్నాడు. చివరికి ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి అడిగాడు.

"బాబూ, నువ్వు చదువుకున్నోడివి. నిప్పు లోన పుట్టిందా, బయట పుట్టిందా? మిషనేమన్నా చెప్పిందా?"

"ఏం చెప్పలేదు బాబాయ్."

"లోన పుడితే ముందే చెప్పుద్దిగా?"

"చెప్పుద్ది."

ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "అయితే నేనేనేమో బాబూ. ఆరకుండానే పారేశానేమో. పెద్దోణ్ణయిపోయా, గుర్తుండి చావట్లా."

అప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది. తెరవలేదు. ఉద్యోగం పోతుందనా? జైల్లో వేస్తారనా? ఆ రైతులు నన్ను బతకనివ్వరనా? అన్నీ నిజమే. కానీ ఒక మనిషి తన నిర్దోషిత్వాన్ని నా కళ్ళ ముందే వదులుకుంటుంటే, ఆ క్షణంలో నా ఒంట్లో కదిలింది జాలి కాదు, ఊరట. అది తలుచుకుంటే నాకు నేనంటేనే భయం.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. పొదిలి వైపు కూతురింటికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం మహా జాగ్రత్తపరుణ్ణని పేరు తెచ్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రోజూ లేవగానే స్పామ్ చూస్తాను. వేరే ఏసీలవాళ్ళు కూడా పిలిచి నా చేత మెయిళ్ళు సరిచేయించుకుంటారు. మిషను అడ్రసు కాంటాక్టుల్లో చేర్చండి, ఎంత విసుగొచ్చినా స్పామ్ అని నొక్కకండి అని చెబుతాను. "పాత మెయిళ్ళు ఎక్కడికీ పోవంట గదండీ?" అని వాళ్ళలో ఎవరైనా మామూలుగా అంటే చాలు, భుజాలు తడుముకుంటాను. ఆ మిషను కంపెనీ కంప్యూటర్లో అవి ఇంకా ఉన్నాయేమో. ఎవరో ఒకరు, ఏదో ఒకరోజు.

మొన్న ముఠా మేస్త్రి చెప్పాడు. ఏసోబు బాబాయ్ బీడీ మానేశాడట. చర్చిలో సాక్ష్యం చెప్పే వంతు వచ్చినప్పుడల్లా లేచి, రైతుల కష్టాన్ని నా బీడీ కాల్చేసింది, క్షమించు తండ్రీ అని ఏడుస్తాడట. ఆ మాట విన్నాక బస్సెక్కి పొదిలి వెళ్ళాను. దిగి, టీ తాగి, వచ్చే బస్సుకే తిరిగొచ్చాను.

మళ్ళీ వెళతానని మాటివ్వలేను. నా సంగతి నాకు తెలుసు. కానీ ఆ రోజు గేటు దగ్గర ఇవ్వాల్సిన జవాబు ఇక్కడైనా ఉండనివ్వండి.

చెప్పింది బాబాయ్. మూడుసార్లు చెప్పింది. నిప్పు లోపలే పుట్టింది.